బార్బడోస్ హంట్స్ గార్డెన్స్: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

ఎడిసన్_పెరడు:

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి రెండో వారంలో న్యూజెర్సీ నుంచి బార్బడోస్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అమ్మానాన్న. నాన్నకు మొక్కలంటే ప్రాణం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చదునైన చోట అయితే అరగంట నడుస్తుంది. బస దక్షిణ తీరంలో, సెయింట్ లారెన్స్ గ్యాప్ దగ్గర. తోటల కోసం ఒక పూట అట్టిపెట్టుకున్నాం.

హంట్స్ గార్డెన్స్‌లో మెట్లు ఎక్కువని విన్నాను. అమ్మను తీసుకెళ్లడంలో అర్థం ఉందా? ఏ వేళలో వెళ్లాలి? కారు అద్దెకు తీసుకోవాలా, టాక్సీ మేలా? ఆండ్రోమెడా, ఫ్లవర్ ఫారెస్ట్ అనే తోటలు కూడా అటే ఉన్నాయంటున్నారు, మూడూ ఒకే రోజు అవుతాయా? నాన్నకు ముందుగా చెప్పడానికి, అక్కడ తప్పక చూడాల్సిన మొక్కలేవో కూడా చెప్పగలరు.

పందిరి_కింద:

ముందు ఆ తోట ఆకారం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ మీకే తేలిపోతాయి. హంట్స్ గార్డెన్స్ నేల మీద పరుచుకున్న తోట కాదు, గొయ్యిలోకి దిగే తోట. బార్బడోస్‌లో దాదాపు 85 శాతం నేల పగడపు సున్నపురాయి. వాన నీటిలోని కొద్దిపాటి ఆమ్లానికి ఆ రాయి కరిగి లోపల గుహలు పడతాయి. గుహ పైకప్పు కూలితే గొయ్యి మిగులుతుంది. సెయింట్ జోసెఫ్ పారిష్‌లో (అక్కడ పారిష్ అంటే మన జిల్లా లాంటిది) కాసిల్ గ్రాంట్ దగ్గర, పాత చెరకు ఎస్టేటు భూమిలో అలాంటి గొయ్యి ఒకటి ఉంటే, ఆంథొనీ హంట్ అనే ఉద్యానకారుడు దాని గోడల వెంబడి అంచెలంచెలుగా మొక్కలు నాటి తోట చేశారు. దిగుడుబావిని ఊహించుకోండి, నీళ్ల బదులు అడుగున పచ్చదనం. పైన ఇల్లు, వరండా. కింద చుట్టూ తిరిగే సన్నని దారులు, వాటి నుంచి చీలే పక్క దారులు, ప్రతి మలుపులో రెండు కుర్చీలో ఒక బల్లో. చెట్ల మధ్య దాచిన స్పీకర్ల నుంచి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వస్తుంటుంది. అది కొందరికి చాలా నచ్చుతుంది, పక్షుల కూత వినాలనుకునేవాళ్లకు అడ్డం.

అమ్మగారి సంగతి. మెట్లు ఒకే ఎత్తులో ఉండవు, అసలు చిక్కు అక్కడే. ఒకటి నాలుగు అంగుళాలుంటే తర్వాతది తొమ్మిది ఉండొచ్చు. కొన్నిచోట్ల పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. వీల్‌చెయిర్‌కు వీలు లేదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం, పైగా ఇక్కడ దిగుడే ముందు వస్తుంది కాబట్టి దిగేటప్పుడు ఉత్సాహంలో తెలియదు. అలాగని ఇంట్లో వదిలి వెళ్లాల్సిన పని లేదు. పై అంచె నుంచే గొయ్యి చాలావరకు కనిపిస్తుంది. అమ్మగారు మొదటి ఒకటి రెండు మలుపుల దాకా వచ్చి, అక్కడి కుర్చీలో కూర్చుని, తర్వాత వరండాకు వెళ్లిపోతే సరిపోతుంది. అక్కడ రమ్ పంచ్, పండ్ల రసాలు అమ్ముతారు. రమ్ వద్దనుకుంటే ముందే చెప్పండి, రంగు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

దిగేవాళ్లకు చేతికర్ర మంచిది, అడుగున రబ్బరు బుడిపె ఉన్నదే తీసుకోండి. ఇనుప మొన రాయి మీద జారుతుంది, మొక్కల వేళ్లనూ గుచ్చుతుంది. హవాయి చెప్పులు వద్దు. నీడలో ఉండే సున్నపురాయి మీద నాచు పొర పడుతుంది, పది నిమిషాల జల్లు కురిస్తే చాలు సబ్బు రాసినట్టు అవుతుంది. ఫిబ్రవరి అక్కడ ఎండు కాలమే, డిసెంబరు నుంచి మే దాకా వానలు తక్కువ. అయినా దీవి మధ్యలో ఎత్తు ఎక్కువ కాబట్టి తీరంలో ఎండ కాస్తుంటే ఇక్కడ జల్లు పడుతుంది. గొడుగు కాదు, పల్చని రెయిన్‌కోటు తెచ్చుకోండి. మెట్ల మీద రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

తొందరపడితే తోట ముప్పావు గంటలో అయిపోతుంది, తర్వాత "ఇంతేనా" అంటారు. గంటన్నర నుంచి రెండు గంటలు కేటాయించండి. చాలామంది చేసే పొరపాటు, నేరుగా అడుగుకు దిగిపోయి, పైకి వచ్చేటప్పుడు ఆయాసంతో ఏమీ చూడకపోవడం. దిగేటప్పుడు ప్రతి పక్క దారిలోకీ వెళ్లి రండి. ఎక్కేటప్పుడు ప్రధాన దారి పట్టుకోండి.

మూడు తోటలూ ఒకే రోజు మాత్రం పెట్టుకోకండి. దూరం ఎక్కువని కాదు, మూడో తోటకు వచ్చేసరికి కళ్లు అలిసిపోయి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పైగా అక్కడి తోటలు సాయంత్రం నాలుగు, నాలుగున్నర కల్లా మూసేస్తారు, చివరి ప్రవేశం ఇంకా ముందే. ప్రైవేటు తోట కాబట్టి పెళ్లో విందో ఉంటే ఆ పూట లోపలికి రానివ్వకపోవచ్చు. ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవడం తప్పనిసరి. టికెట్ ధర కూడా అప్పుడే అడిగేయండి.

కెమెరా_కన్ను:

పందిరి గారు చెప్పినవన్నీ సరే, వేళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది నేను రాస్తాను.

మామూలుగా తోటకు పొద్దున్నే వెళ్లమంటారు. ఈ తోటకు అది వర్తించదు. లోతైన గొయ్యి, చుట్టూ పొడవాటి తాటి జాతి చెట్లు. ఉదయం తొమ్మిదింటికి అడుగున వెలుతురే ఉండదు. బార్బడోస్ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మన తిరుపతి కంటే కొంచెం కింద. ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణం వైపు పాతిక డిగ్రీలు వాలి ఉంటాడు. అందుకని గొయ్యి ఉత్తరపు గోడకు ఎండ బాగా తగులుతుంది, దక్షిణపు గోడ నీడలోనే ఉంటుంది. అక్కడి గడియారం ప్రకారం సూర్యుడు అత్యంత ఎత్తుకు వచ్చేది 12:10 ప్రాంతంలో. పదిన్నరకు లోపల అడుగుపెడితే పదకొండుంబావుకు అడుగుకు చేరతారు, ఆ వేళకు ఆకుల మధ్య నుంచి ఎండ కిందికి దిగుతుంది. మెత్తని వెలుగు కావాలంటే పల్చని మబ్బున్న రోజు చూసుకోండి. ఎండ తీవ్రంగా ఉంటే ఫోటోల్లో పువ్వు తెల్లగా కాలిపోతుంది, నీడ నల్లగా గడ్డకడుతుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు పువ్వు మీద వేలు నొక్కి వెలుగును కొంచెం కిందికి లాగండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించండి, ఐఎస్ఓ 800 నుంచి 1600 మధ్య పెట్టుకోండి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తప్పకుండా వాడండి. ఈ తోటలో సగం అందం ఆకులది. నిగనిగలాడే ఆకు మీద ఆకాశం మెరుపు పడి అసలు రంగు పోతుంది, ఫిల్టర్ తిప్పితే ఆ మెరుపు తగ్గుతుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ తీస్తే ఆవిరి పడుతుంది. సంచిలోనే పది పదిహేను నిమిషాలు ఉంచి తీయండి, గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

ట్రైపాడ్ సన్నని దారికి అడ్డం, అడిగి వాడాలి. డ్రోన్ అసలు మూటలో పెట్టుకోవద్దు, ఆ దేశంలోకి తేవడానికే ముందస్తు అనుమతి కావాలి. ఇక పట్టుచీరలు, నాలుగు జతల బట్టలు, రిఫ్లెక్టరు పట్టుకుని ఫోటోషూట్‌కు దిగే మనవాళ్లకు ఒక మాట: అది వాళ్ల ఇల్లు. మామూలు టికెట్ మీద షూటింగ్ చేయనివ్వరు, విడిగా మాట్లాడుకోవాలి.

ఐ94_ఆచారి:

మొక్కల గురించి నాకు తెలిసింది తక్కువ, కాగితాల గురించి రెండు మాటలు.

ఇండియన్ పాస్‌పోర్టుకు బార్బడోస్ పర్యాటకానికి వీసా అక్కర్లేదు. తిరుగు టికెట్, బస చిరునామా చూపించాలి, బయలుదేరే ముందు ఆన్‌లైన్ ప్రవేశ ఫారం నింపాలి. అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో. మీకు గానీ మీ ఆవిడకు గానీ పాస్‌పోర్టులో హెచ్1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (వాళ్ల కుటుంబ వీసా) స్టాంపింగ్ గడువు తీరి ఉంటే ఆగండి. గడువు తీరిన వీసాతో 30 రోజుల్లోపు తిరిగి రావచ్చనే ఆటోమేటిక్ రీవాలిడేషన్ సౌకర్యం హెచ్ వాళ్లకు కెనడా, మెక్సికోలకే పనిచేస్తుంది. కరీబియన్ దీవులకు అది వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జే (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకు మాత్రమే. ఈ తేడా తెలియక విమానాశ్రయంలో చెక్‌ఇన్ దగ్గరే ఆగిపోతారు, ఎయిర్‌లైన్ వాళ్లు ఎక్కనివ్వరు.

అమ్మానాన్నల బీ2 (సందర్శక) వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా, ఇంకా గడువుందా చూడండి. అమెరికాకని వాళ్లకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీ బార్బడోస్‌లో చెల్లుతుందో లేదో కూడా చదవండి. చాలా పాలసీలు పక్క దేశాల ప్రయాణానికి షరతులు పెడతాయి. మెట్ల తోటకు వెళ్తున్నారు కాబట్టి చెప్తున్నాను.

తోటల కోసమే మార్టినిక్‌లోని బలాటా తోట కూడా చూద్దామనుకుంటే, అది ఫ్రాన్స్ భూభాగమే గానీ షెంగెన్, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం, కిందికి రాదు. మామూలు షెంగెన్ వీసా పనికిరాదు, మార్టినిక్‌కు చెల్లుతుందని రాసి ఉన్న ఫ్రెంచ్ వీసా కావాలి. ట్రినిడాడ్‌కో గయానాకో వెళ్లి, ఆ తర్వాత ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే పసుపు జ్వరం టీకా కార్డు అడుగుతారు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది.

ఇంకొకటి. మిలిటరీ మచ్చల బట్టలు, అదే కేమఫ్లాజ్, బార్బడోస్‌లో నేరం. టోపీ, సంచి, పాప టీషర్టు, ఏదైనా సరే. తోటకు కదా అని ఆకుపచ్చ ప్యాంటు పెట్టుకునే ముందు చూసుకోండి.

ఎడిసన్_పెరడు:

ఆచారి గారూ, వీసాలు అన్నీ గడువులోనే ఉన్నాయి, ఇన్సూరెన్స్ సంగతి ఈ రాత్రే చూస్తాను. పందిరి గారూ, అమ్మ విషయంలో ధైర్యం వచ్చింది. కారా టాక్సీయా అన్నది ఇంకా తేలలేదు. మూడింటిలో రెండు చూడాలంటే హంట్స్‌కు జోడీగా ఏది? అలాగే నాన్న అడగమన్నారు, ఎర్ర అల్లం పిల్ల మొక్క ఒకటి తెచ్చుకోవచ్చా అని.

గుంతల_దారి:

దారి సంగతి నేను చెప్తాను. దక్షిణ తీరం నుంచి కారులో 35 నుంచి 45 నిమిషాలు. దూరం కొంచెమే, కానీ చివరి భాగం సన్నని మెలికల దారి, గుంతలు ఎక్కువ. డ్రైవింగ్ ఎడమ వైపు. న్యూజెర్సీ అలవాటుతో రౌండ్ అబౌట్ దగ్గర తడబడతారు: కుడి నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. ఫిబ్రవరిలో చెరకు కోత ఇంకా పూర్తికాదు. మనిషిని మించిన ఎత్తున్న చెరకు కూడళ్ల దగ్గర చూపుకు అడ్డం వస్తుంది, బండి ముక్కు బయటికి పెట్టేదాకా అవతల ఏముందో తెలియదు. మీ లైసెన్స్ చూపిస్తే అద్దె కంపెనీయే విజిటర్ పర్మిట్ ఇస్తుంది. అద్దె కార్ల నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి మీరు కొత్తవాళ్లని ఎదుటివాళ్లకు తెలుస్తుంది, కొంచెం ఓపిక పడతారు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

టాక్సీల ప్లేటు జెడ్‌తో మొదలవుతుంది. మీటర్లు ఉండవు. ఎక్కక ముందే మూడు విషయాలు తేల్చుకోండి: చెప్పిన ధర బార్బడోస్ డాలర్లా అమెరికన్ డాలర్లా, రానూపోనూ కలిపేనా, తోట దగ్గర ఆగినందుకు గంటకెంత. మొదటిది మరిచిపోతే సరిగ్గా రెట్టింపు కడతారు, ఎందుకంటే 2 బార్బడోస్ డాలర్లు 1 అమెరికన్ డాలరుకు సమానం, ఈ లెక్క 1975 నుంచి మారలేదు. వదిలేసి వెళ్లిపోయే టాక్సీ మాట్లాడుకోకండి. ఆ ఊళ్లో రోడ్డు మీద ఖాళీ టాక్సీ దొరకదు.

బస్సు చవక, ఎంత దూరమైనా ఒకటే ఛార్జీ, మూడున్నర బార్బడోస్ డాలర్లు. నీలం రంగు ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగి ఇవ్వరు. బ్రిడ్జ్‌టౌన్‌లో ఫెయిర్‌చైల్డ్ స్ట్రీట్ స్టాండు నుంచి తూర్పు తీరంలోని బత్‌షీబాకు బస్సు ఉంది, ఆండ్రోమెడాకు అది సుఖం. హంట్స్‌కు మాత్రం బస్సు దిగాక నడక మిగులుతుంది, మోకాళ్లతో వద్దు. ఐదుగురున్నారు కాబట్టి లెక్క చూస్తే టాక్సీ మనిషికి అంత బరువు కాదు. నా ఓటు టాక్సీకే. డ్రైవరు రాయి, చెరకు, చర్చి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోతాడు, నాన్నగారికి కాలక్షేపం.

శ్రీతాళం:

జోడీ ఏది అన్నదానికి సమాధానం మీ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో దాన్ని బట్టి.

అమ్మగారి మాటైతే ఫ్లవర్ ఫారెస్ట్. పాత రిచ్‌మండ్ చెరకు ఎస్టేటులో 50 ఎకరాలకు పైగా ఉంటుంది, 1983లో తెరిచారు. మెట్ల బదులు వాలు దారులు, చెట్లకు పేర్ల పలకలు, కొండల మీదుగా దూరపు చూపు. వాలు కూడా మోకాళ్లకు ఇబ్బందే, కానీ ఎక్కడికక్కడ వెనక్కి తిరగొచ్చు.

నాన్నగారి మాటైతే ఆండ్రోమెడా, నా మటుకు నేను దీన్నే ఎంచుకుంటాను. బత్‌షీబా తీరం పైన ఐరిస్ బానొకీ అనే ఆమె 1954లో మొదలుపెట్టిన తోట. 1988లో ఆమె పోతూ బార్బడోస్ నేషనల్ ట్రస్టుకు రాసిచ్చారు. విస్తీర్ణం కొన్ని ఎకరాలే, కానీ ఒక మనిషి దేశదేశాల నుంచి ఏరి తెచ్చిన సేకరణ. హంట్స్‌లో మొక్కలను అందానికి అమర్చారు, ఆండ్రోమెడాలో మొక్కలను తెలుసుకోవడానికి పెట్టారు. పేర్లు రాసుకునే అలవాటు ఉన్న పెద్దాయనకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

అక్కడ శ్రీతాళ వృక్షం తప్పక చూపించండి. మన తాళపత్ర గ్రంథాల్లో మెత్తగా, వెడల్పుగా ఉండే మేలురకం పత్రాలు ఈ చెట్టువే. మనకు మామూలు తాటాకు ఊరూరా ఉంది గానీ శ్రీతాళం చెట్టు ఎదురుపడటం అరుదు. ముప్పై నుంచి ఎనభై ఏళ్లు ఆకులతోనే బతికి, ఒక్కసారే తల మీద లక్షల పువ్వులు వేసి, కాయలు పండాక చచ్చిపోతుంది. అలాగే గడ్డాల మర్రి జాతి చెట్టు కూడా పెద్దది ఒకటి ఉంది. మన మర్రి ఊడలకూ దీని ఊడలకూ తేడా చూడండి: ఇవి సన్నగా, గుత్తులు గుత్తులుగా వేలాడతాయి.

హంట్స్‌లో ఏం చూడాలి అంటే, ముందు ఆకులు ఎందుకు చిరగలేదో చూడమనండి. దీవి అంతటా ఈశాన్యపు గాలి ఏడాది పొడవునా వీస్తుంది, బయట అరటి ఆకు పీలికలు పీలికలుగా ఉంటుంది. గొయ్యిలో గాలి తగలదు, తేమ నిలుస్తుంది. కాబట్టి హెలికోనియా, అల్లం జాతి, ఫెర్న్ ఆకులు నిండుగా, పూర్తిగా కనిపిస్తాయి. హెలికోనియాను చాలామంది మెట్టతామర అనుకుంటారు. ఎర్రగా పసుపుగా పడవల్లా ఉన్నవి రేకులు కావు, రంగు ఆకులు, వాటి లోపల దాక్కుని ఉంటాయి అసలు పువ్వులు. ఎర్ర అల్లం కూడా అంతే, ఎర్ర పొలుసుల సందుల్లోంచి చిన్న తెల్లని పువ్వు తొంగిచూస్తుంది. తేనెపిట్టల్లాంటి చిన్న హమ్మింగ్‌బర్డ్‌లు వచ్చేది వీటికే. పువ్వుల గుబురు దగ్గర ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుంటే కనిపిస్తాయి. నడుస్తూ వెతికితే చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. బార్బడోస్ జాతీయ పుష్పం మన రత్నగంధి, అది నాన్నగారికి పరిచయం అక్కర్లేదు. నీడ గొయ్యిలో కాదు, ఎండ తగిలే చోట్ల చూడండి.

పిల్ల తెచ్చుకోవడం గురించి: ఎర్ర అల్లం పూకంకి ముదిరాక పొలుసుల మధ్యే చిన్న పిల్ల మొక్కలు మొలుస్తాయి, చేతికి అందేలా వేలాడుతుంటాయి. నాన్నగారి చేతిని పట్టుకోండి. ప్రైవేటు తోటలో రాలిన గింజ కూడా అడక్కుండా తీయకూడదు. అడిగితే ఇచ్చారనుకుందాం, అమెరికాకు తేవాలంటే మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవని బార్బడోస్ వ్యవసాయ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం కావాలి. అనుమతి ఉన్న జాతులైతే 12 మొక్కల దాకా ఆ పత్రంతో, వేళ్లకు మట్టి రవ్వ కూడా లేకుండా, కస్టమ్స్‌లో ప్రకటించి తేవచ్చు. గింజలకూ పత్రం కావాలి. ఇండియాకైతే ఆ పత్రంతో పాటు ముందే తీసుకున్న దిగుమతి పర్మిట్ కూడా ఉండాలి. ఇంత తతంగం సెలవుల్లో ఎవరు పడతారు?

కడియపులంక:

తతంగం ఎందుకండీ, ఇవన్నీ మా గోదావరి ఒడ్డునే దొరుకుతాయి. కడియం నర్సరీల్లో ఎర్ర అల్లం, దానిలో గులాబీ రంగు, హెలికోనియా వేలాడే రకం, నిలువు రకం, టార్చ్ జింజర్, ఆంథూరియం, క్రోటన్ రకాలు అన్నీ ఉంటాయి. నాన్నగారు ఇండియా వెళ్లాక తీసుకోవచ్చు. అక్కడ చూసినవాటి ఫోటో ఆకుతో సహా తీసి పెట్టుకోమనండి. పువ్వు ఒక్కటే చూపిస్తే నర్సరీలో రకం పోల్చుకోవడం కష్టం.

ఎక్కడ పెంచుతారన్నది ముఖ్యం. కోనసీమ, కోస్తా అయితే కొబ్బరి నీడలో నేలలోనే వస్తాయి. దుంపను రెండు మూడు అంగుళాల లోతున, మొక్కకూ మొక్కకూ మూడడుగుల దూరంలో పెట్టాలి. లోతుగా పాతితే కుళ్లుతుంది. హైదరాబాదులో ఏప్రిల్, మే వడగాలికి ఆకు అంచులు మాడిపోతాయి. తూర్పు వైపు గోడ పక్కన, 50 శాతం షేడ్‌నెట్ కింద, 16 నుంచి 18 అంగుళాల కుండీలో పెట్టండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒకటి, వర్మీకంపోస్టు ఒకటి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే లేత ఆకు పసుపుగా, ఈనెలు పచ్చగా కనిపిస్తాయి. అది ఎరువు తక్కువై కాదు, ఇనుము అందక. యూరియా వేస్తే పోదు. చిలేటెడ్ ఐరన్ లీటరు నీటికి అర గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లాలి, పక్షం తర్వాత మరోసారి. బార్బడోస్ సున్నపునేల మీద ఈ జాతులు పెంచేవాళ్లకూ ఇదే బెడద, అందుకే కంపోస్టు దండిగా వేస్తారు.

పువ్వు పూసిన కాడ మళ్లీ పూయదు. నేల మట్టానికి కోసేయాలి. కోయకుండా వదిలేస్తే గుబురు పెరుగుతుంది గానీ పువ్వులు తగ్గుతాయి. "మొదటి ఏడాది బాగా పూసింది, తర్వాత ఆకులే" అనేవాళ్లందరి తోటలోనూ జరిగేది ఇదే.

పందిరి_కింద:

పాప వస్తోందని ఇప్పుడు గమనించాను. కొన్ని జాగ్రత్తలు.

బ్రొమీలియాడ్ (అనాస జాతి) మొక్కల మధ్య గిన్నెలా ఉన్న చోట నీరు నిలుస్తుంది, అందులో దోమలు గుడ్లు పెడతాయి. అవి పగలే కుట్టే డెంగీ దోమలు. బయలుదేరే ముందే 20 నుంచి 30 శాతం డీట్ (దోమలను తరిమే మందు) ఉన్న క్రీము రాయండి, చీలమండల దగ్గర ముఖ్యంగా. సన్‌స్క్రీన్ కూడా రాస్తే అది ముందు, దోమల క్రీము తర్వాత. డంబ్‌కేన్ (డిఫెన్‌బాకియా), ఆంథూరియం ఆకులు నమిలితే నోరు వాస్తుంది, పాప ఏదీ తుంచకుండా చూడండి. పెద్ద గోధుమరంగు నత్తలు కనిపిస్తే ముట్టనివ్వకండి. ఆఫ్రికా రాక్షసి నత్తలు ఆ దీవిలో 2000లో బయటపడ్డాయి, వాటిలో మెదడుకు హాని చేసే పరాన్నజీవి ఉండొచ్చు. కోతులు కనిపిస్తే చేతిలో తిండి ఉండకూడదు.

తోట అయ్యాక బత్‌షీబా ఒడ్డుకు వెళ్తారు, అందరూ వెళ్తారు. ఆ తూర్పు సముద్రం చూడటానికే, ఈతకు కాదు, లాగేసే ప్రవాహాలుంటాయి. ఏ బీచ్‌లోనైనా చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు రాలిన చెట్టు కింద కూర్చోవద్దు. అది మాన్షినీల్. కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు, వాన పడుతుంటే దాని ఆకుల మీదుగా కారే చుక్కలు కూడా కాలుస్తాయి. చాలాచోట్ల మానుకు ఎర్ర పట్టీ వేసి ఉంటుంది, వేయని చెట్లూ ఉంటాయి.

మీ పూటకు నా లెక్క ఇది. తొమ్మిదిన్నరకు టాక్సీ ఎక్కి, పదిన్నర లోపు హంట్స్. పన్నెండున్నరకు వరండాలో అమ్మగారి దగ్గరికి చేరండి. ఒంటిగంటకు బయలుదేరితే ఆండ్రోమెడా ఇరవై నిమిషాలు. అక్కడ పొట్టి దారి, పొడుగు దారి రెండూ ఉంటాయి, పొట్టిదాని మొదటి భాగం అమ్మగారు నడవగలరు. శాకాహారులైతే మధ్యాహ్నం తిండి బస నుంచే కట్టుకుని వెళ్లండి, కానీ హంట్స్ లోపల విప్పకండి. అక్కడ బుల్‌ఫించ్ పిట్టలు బల్ల మీద నుంచే ఎత్తుకుపోతాయి, ఇంటివాళ్లకూ నచ్చదు.

ఎడిసన్_పెరడు:

అందరికీ ధన్యవాదాలు. టాక్సీ, హంట్స్, ఆండ్రోమెడా ఖాయం. చిన్న సందేహం మిగిలింది: క్రూయిజ్ షిప్పులు వచ్చే రోజు తోటలో రద్దీ ఉంటుందా?

గుంతల_దారి:

ఉంటుంది. ఫిబ్రవరి వాళ్లకు సీజన్. బ్రిడ్జ్‌టౌన్ రేవులో ఏ రోజు ఎన్ని ఓడలో ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. మూడు నాలుగు ఓడలున్న రోజు వదిలేసి, ఒకటో అసలేవీ లేనిదో చూసి టాక్సీ మాట్లాడుకోండి. తేదీ మార్చుకోలేకపోతే, తోటకు ఫోన్ చేసినప్పుడే బస్సు బృందాలు ఎన్నింటికి వస్తున్నాయో అడగండి, చెప్తారు. సన్నని మెట్ల మీద ఎదురెదురుగా ముప్పై మంది వస్తే పక్కకు తప్పుకునే చోటు కూడా ఉండదు.